చివరి గుడ్డు పిల్ల: ముందు వెచ్చదనం, ఆ తరవాతే మేత

పెట్ట గూడు దిగిందంటే ఇక వెనక్కి చూడదు. పొదగడం మొదలుపెట్టిన 21వ రోజు పొద్దున మొదటి పిల్ల లేస్తుంది, చీకటి పడేలోపు ఏడో ఎనిమిదో లేస్తాయి. మర్నాడు మధ్యాహ్నానికి వాటిని వెంటేసుకుని పెరట్లోకి దిగిపోతుంది. గంపలో మిగిలిన ఒకటీ రెండు గుడ్ల సంగతి దానికి పట్టదు. సరిగ్గా అప్పుడే అందులో ఒకదానికి చిల్లు పడుతుంది. సాయంత్రం మనం వెళ్ళి చూసేసరికి తడి ఈకలతో, తల వేలాడేసి, కీచుమనే ఓపిక కూడా లేకుండా ఒక పిల్ల పడుంటుంది. ఈ రాత దాని గురించే.

మాది విశాఖపట్నంలో సింహాచలం కొండ కింద అడవివరం. పోర్టులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. పెరట్లో ఆరేడు నాటు పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. కోళ్ళ గురించి నాకు తెలిసిందంతా రెండు చోట్ల నుంచి వచ్చింది. ఒకటి, మాడుగుల దగ్గర పల్లెలో పెరిగిన మా అత్తగారు. రెండోది, నా తొందర వల్ల నా చేతుల్లోనే చచ్చిపోయిన కోడిపిల్లలు.

ఇలాంటి పిల్ల దొరికితే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఏం పెట్టాలి?" అనే. నేనూ అదే అడిగాను. అప్పుడు మా అత్తగారు, "ముందు ఎచ్చబెట్టండి బాబూ. సల్లారిపోయిన కడుపులోకి మేత దిగదు" అన్నారు. అప్పట్లో అది పాతకాలం మాట అనుకున్నాను. కానీ నిజం అదే. ఒళ్ళు చల్లబడిన పిల్లకి అరుగుదల ఆగిపోతుంది. లోపలికి పోయినది అక్కడే నిలవ ఉండి పులుస్తుంది, పిల్లని చంపుతుంది.

పైగా అది పుట్టిన రోజే ఆకలితో చచ్చిపోదు. పెంకు పగలగొట్టుకునే ముందు, గుడ్డులో మిగిలిన పచ్చసొననంతా పిల్ల బొడ్డు గుండా కడుపులోకి లాక్కుంటుంది. రెండు మూడు రోజులకి అదే దాని సద్దిమూట. హేచరీల వాళ్ళు ఒక్కరోజు పిల్లల్ని అట్టపెట్టెల్లో పెట్టి, మేతా నీళ్ళూ లేకుండా దూరపు ఊళ్ళకి పంపగలిగేది దీని వల్లే. కాబట్టి మొదటి రోజు మేత గురించి టెన్షన్ పెట్టుకోకండి.

అసలు అది నీరసంగా ఉందా, అలిసిపోయిందా అన్నది కూడా చూసుకోవాలి. పెంకులోంచి బయటపడడానికి పిల్ల గంటల తరబడి కష్టపడుతుంది. వచ్చాక కొన్ని గంటలు తడిగా, చచ్చిన దానిలా పడుండడం మామూలే. ఆరిపోయి, బొచ్చు పొంగి, పూట గడిచాక కూడా నిలబడకపోతే అప్పుడు నీరసం అనుకోవాలి. అరుపు కూడా చెబుతుంది. గట్టిగా, ఆగకుండా కీచుకీచుమంటే చలి వేస్తోందనో, తల్లి కావాలనో అర్థం. అది భయపడాల్సినంత విషయం కాదు, అరవడానికి ఓపిక ఉందన్నమాట. కళ్ళు మూసుకుని, అరుపు లేకుండా, తల నేలకి ఆనించేస్తే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి రండి. దాని కాళ్ళు మీ పై పెదవికి తాకించి చూడండి. చల్లగా తగిలితే ఒళ్ళంతా చల్లబడినట్టే.

ఇక వెచ్చబెట్టడం. ఇది నా సొంత శాఖ కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

టీవీయో మిక్సీయో వచ్చిన అట్టపెట్టె ఒకటి తీసుకోండి. రెండడుగుల పొడవుంటే చాలు. ఒక చివర మాత్రమే బల్బు వేలాడదీయాలి, రెండో చివర చల్లగా ఉండాలి. వేడెక్కువైతే పక్కకి జరిగే దారి పిల్లకి ఉండాలి కదా. బల్బు పాత ఫిలమెంటు రకమే కావాలి, 60 వాట్లది. పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే ఇస్తారు. మా వీధి చివర ఒక కుర్రాడు 9 వాట్ల ఎల్ఈడీ పెట్టి, "లైటు రాత్రంతా వేసే ఉంచాను అంకుల్, అయినా వణుకుతోంది" అన్నాడు. ఎల్ఈడీ వెలుగిస్తుంది గానీ పిల్లకి కావాల్సినంత వేడి ఇవ్వదు.

బల్బుని నేలకి అడుగు ఎత్తులో మొదలుపెట్టి, గోడకి తగిలించే చిన్న థర్మామీటరు ఒకటి పిల్ల వీపు ఎత్తులో ఉంచి చూడండి. మొదటి వారం అక్కడ 35 డిగ్రీలు ఉండాలి. జ్వరం చూసుకునేది పనికిరాదు, అది 35 దగ్గరే మొదలవుతుంది, అంతకన్నా తక్కువుంటే తెలీదు. థర్మామీటరు లేకపోయినా పిల్లే చెబుతుంది. బల్బు కిందకే చేరి ముడుచుకుపోతే చలి, దూరంగా వెళ్ళి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. హోల్డరుని వైరుతో మాత్రమే వేలాడదీయకండి. ఒక ఇనప తీగ చుట్టి పైన కర్రకి విడిగా కట్టండి. ముడి జారి బల్బు గుడ్డ మీదో ఊక మీదో పడితే పిల్లతో పాటు ఇల్లూ అంటుకుంటుంది. ఈ మాట మీద మాత్రం నాతో వాదించకండి.

మన ఊళ్ళో మే నెల మధ్యాహ్నం బల్బు అక్కర్లేదు, గదే 35 దగ్గర ఉంటుంది. బల్బు వేశారంటే ఉడికిపోతుంది. వానాకాలం ముసురు రోజులు, మార్గశిరంలో కొండ మీంచి దిగే చలిగాలి, ఈ రెండే పిల్లలకి గడ్డుకాలం. కిటికీ గాలి పెట్టె మీదకి నేరుగా రాకుండా చూసుకోండి.

కరెంటు పోతే ఏం చేయాలో నాకు 2014లో తెలిసింది. అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను. మా కోళ్ళ గూటి రేకులు ఎగిరి ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ తెలీదు. పొదుగు మీదున్న పెట్టని గంపతో సహా వంటింట్లోకి తెచ్చేశాం. కింద 11 గుడ్లు. సోమవారం నుంచి పిల్లలు లేవడం మొదలైంది, ఏడు లేచాయి. ఏడోది మంగళవారం రాత్రి వచ్చింది, సగం చచ్చినట్టే వచ్చింది. నేను ఎలక్ట్రీషియన్ని, ఇంట్లో పెట్టెడు బల్బులున్నాయి, వీధిలో మాత్రం ఒక్క స్తంభం నిటారుగా లేదు. మా అత్తగారు ఏమీ మాట్లాడకుండా ఆ పిల్లని పైట చెంగులో చుట్టి, గుండెకి ఆనించుకుని గోడకి జారబడి కూర్చున్నారు. ఆవిడ అలా కూర్చున్న గంటన్నరలో నేను గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పోసి, పాత లుంగీ రెండు చుట్లు చుట్టి అట్టపెట్టెలో ఒక మూల పెట్టాను. ముంజేతికి ఆనిస్తే హాయిగా అనిపించాలి, చురుక్కుమనకూడదు. గంటన్నరకి ఒకసారి నీళ్ళు మార్చాం, రాత్రంతా. ప్లాస్టిక్ సీసా అయితే మరిగే నీళ్ళు పోయకండి, మెత్తబడి వంగిపోతుంది. పెట్టెలో బొగ్గుల కుంపటి, కిరసనాయిలు దీపం అసలు వద్దు. ఆ పొగకి మనుషులే పోతారు, ముప్పై గ్రాముల పిల్ల ఎంత!

అది బతికింది. ఎదురింటి చిన్నపిల్లలు దానికి హుద్‌హుద్ అనే పేరు పెట్టారు. తుఫానుకి పెట్టిన ఆ పేరు కూడా ఒక పిట్టదేనని తరవాత పేపర్లో చదివాం. పెద్దదై నాలుగు సార్లు పొదిగింది.

వెచ్చబెట్టిన గంటకో రెండు గంటలకో కాళ్ళు వెచ్చబడతాయి, పిల్ల కళ్ళు తెరుస్తుంది, తల ఎత్తుతుంది. నీళ్ళ సంగతి అప్పుడు.

ఇక్కడే నేను ఒక పిల్లని చంపాను. మా అమ్మాయి ఇంకు ఫిల్లరు కడిగి, నిండా నీళ్ళు లాగి, ముక్కు విడదీసి లోపలికి పిచికారీ చేశాను. రెండు క్షణాల్లో ముక్కు రంధ్రాల్లోంచి బుడగలు వచ్చాయి. ఒకసారి కాళ్ళు తన్నుకుంది, అంతే. కోడిపిల్ల నోట్లో నాలుక మొదట్లోనే గాలిగొట్టం మూతి ఉంటుంది. మనం పోసిన నీళ్ళు సూటిగా అందులోకే పోతాయి. కాబట్టి ఫిల్లరు వాడండి, తప్పులేదు, నోట్లో మాత్రం పెట్టకండి.

చేయాల్సింది ఇది. పిల్లని ఎడమ చేతిలో నిటారుగా పట్టుకోండి, వీపు మీ అరచేతికి ఆనాలి, బొటనవేలూ చూపుడువేలూ మెడకి ఆసరాగా ఉండాలి, నొక్కకూడదు. వెల్లకిలా పడుకోబెట్టి నీళ్ళు ఇవ్వకూడదు. గోరువెచ్చని నీటి చుక్క ఒకటి ముక్కు పక్కన, పై ముక్కూ కింద ముక్కూ కలిసే గీత మీద వేలాడేలా వదలండి. అది దానంతటదే లోపలికి జారుతుంది. పిల్ల ముక్కు ఆడిస్తుంది, తల పైకెత్తి మింగుతుంది. మింగాకే రెండో చుక్క. మూడు నాలుగు చుక్కలతో ఆపి మళ్ళీ పెట్టెలో పెట్టేయండి. అరగంట తరవాత ఇంకో నాలుగు. ఫిల్లరు లేకపోతే చీపురుపుల్లకి దూది చుట్టి ముంచినా చాలు, చిటికెన వేలి కొస అయినా చాలు. చుక్క వేసినా మింగకపోతే ఇంకా వెచ్చబడలేదని అర్థం. ఆపేసి మళ్ళీ బల్బు కింద పెట్టండి.

నీళ్ళలో ఏం కలపాలంటే, గ్లాసు నీళ్ళకి ఒక చెంచా పంచదార. మా అత్తగారిది అనకాపల్లి బెల్లమే. ఇప్పుడు అనకాపల్లి వేరే జిల్లా అయిపోయింది గానీ మా ఇంట్లో బెల్లం మాత్రం అక్కడిదే. బెల్లమైతే కరిగించి పల్చటి గుడ్డలో వడకట్టండి, అడుగున మట్టి ఉంటుంది. ఓఆర్ఎస్ పొట్లం ఇవ్వాలనుకుంటే పొట్లం మీద రాసినన్ని నీళ్ళలో మొత్తం కలపండి. చిటికెడు తీసి గ్లాసులో వేస్తే పాళ్ళు తప్పుతాయి, ఉప్పు ఎక్కువైనా పిల్లకి ప్రమాదమే. ఏదైనా ఒక రోజే. తరవాత మామూలు నీళ్ళు. తీపి నీళ్ళు రోజుల తరబడి ఇస్తే రెట్ట పల్చబడిపోతుంది. పాలు మాత్రం వద్దు. "పసిబిడ్డ కదా" అని మా ఇంటి పక్క పిన్నిగారు ప్రతిసారీ పాలగ్లాసుతో వస్తారు. కోడికి పాలిచ్చే తల్లి లేదు, వాటిని అరిగించుకునే శక్తి దాని కడుపుకి లేదు.

పిల్ల నిలబడుతోందంటే దాని చేతే తాగించాలి. ఊరగాయ సీసా మూతలో నీళ్ళు పోసి, పిల్ల ముక్కు కొసని అందులో ఒక్కసారి తాకించి తీసేయండి. కొస మాత్రమే. రంధ్రాల దాకా ముంచితే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నాలుగైదు సార్లకి దానికి తెలుస్తుంది, ఆ తరవాత మీతో పని లేదు. ఆ మూతలో పిల్లలు ఆడుకునే గోళీలు పరవండి. లోతు తగ్గి పిల్ల మునగదు, పైగా మెరిసేదాన్ని చూస్తే ముక్కుతో పొడవడం దాని బుద్ధి. పొడిచినప్పుడల్లా ముక్కు తడుస్తుంది.

మేత రెండో రోజు. తల్లి ఉంటే ఏం చేస్తుందో గుర్తు తెచ్చుకోండి. గింజని ముక్కుతో టక్ టక్ మని కొట్టి, ఎత్తి పడేసి, గొంతులో కొక్కొక్కొమంటూ పిలుస్తుంది. మనమూ అదే చేయాలి. పెట్టెలో ఖాకీ కాగితం ముక్క పరిచి మేత పొడి చల్లి, పెన్సిలు కొసతో దాని మీద టకటకలాడించండి. కాగితం చప్పుడవుతుంది, పిల్ల తల తిప్పి చూస్తుంది, దగ్గరికొస్తుంది, పెన్సిలు పొడిచిన చోటే పొడుస్తుంది. నాకు అరవై దాటాయి, వంటింట్లో బోర్లా పడుకుని కాగితం మీద పెన్సిలు కొడుతుంటే మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీండి.

ఇంతకన్నా మంచి గురువు ఇంకో పిల్ల. గట్టిగా ఉన్న పిల్లని ఒకదాన్ని తెచ్చి దీని పక్కన వేస్తే సగం పని అదే చేస్తుంది. ఒకటి తింటుంటే చూసి రెండోది తింటుంది, ఒకదానికొకటి ఆనుకుని వెచ్చగానూ ఉంటాయి. అయితే పగలు తీయబోకండి, పెట్ట మొహం మీదకి ఎగురుతుంది. చీకటి పడ్డాక గంప కింద చెయ్యి పెట్టి మెల్లగా లాగేయాలి.

పెన్సిలు చప్పుడుకీ కదలని పిల్లకి ఉడికిన గుడ్డులో పచ్చసొన చిటికెడు తీసుకుని, రెండు చుక్కల నీళ్ళతో గంధంలా మెదిపి, అగ్గిపుల్ల కొసతో ముక్కు పక్కన పూయండి. అది తల విదిలిస్తుంది, సగం మీ చొక్కా మీద పడుతుంది, మిగతా సగం లోపలికి పోతుంది. ముక్కు బలవంతంగా విప్పి కూరకండి. పెసరగింజంత లోపలికి పోయినా ఆ పూటకి చాలు. రెండు గంటలకి ఒకసారి, పొద్దున్నుంచి రాత్రి 10 దాకా. ఆ తరవాత దాన్నీ పడుకోనివ్వండి, మీరూ పడుకోండి. తల్లి రెక్క కింద ఉన్న పిల్లలు కూడా రాత్రి తినవు. మెదిపిన సొన మన ఉక్కకి రెండు గంటల్లో వాసన కొడుతుంది, ఎప్పటికప్పుడు పారేసి కొత్తది కలపండి. సాయంత్రం మెడ మొదట్లో కుడివైపు వేలితో మెల్లగా తడిమి చూడండి. మేత సంచి చిన్న మెత్తటి బుడగలా తగిలితే తింటున్నట్టు. ముందు పూట పెట్టింది ఇంకా గట్టిగా అలాగే ఉంటే ఇంకేమీ పెట్టకుండా వెచ్చబెట్టి, నీళ్ళ చుక్కలు మాత్రం ఇవ్వండి.

సొన ఒకటి రెండు రోజులే. ఆ తరవాత చిక్ స్టార్టర్ (పసి కోడిపిల్లల మేత) తెచ్చి మిక్సీలో ఒక తిప్పు తిప్పి, మొదట తడిపి, తరవాత పొడిగా పెట్టండి. మేత షాపులో "కోళ్ళ మేత" అని మాత్రం అడగొద్దు, గుడ్లు పెట్టే కోళ్ళది చేతిలో పెడతారు. అందులో సున్నం ఎక్కువ, పసిపిల్లల మూత్రపిండాలు పాడవుతాయి. స్టార్టర్ అని పేరు పెట్టి అడగండి. పాతకాలంలో నూకలతో పెంచలేదా అంటారు. పెంచారు, కానీ ఆ పిల్లలు తల్లి వెంట తిరిగి పురుగూ పుట్రా తినేవి. మా అత్తగారు చెదలు పట్టిన మట్టిపెళ్ళ తెచ్చి పిల్లల ముందు బద్దలుకొట్టేవారు. అట్టపెట్టెలో ఉన్న పిల్లకి ఆ చెదలేవి? నూకలు, చోడి (రాగి) పిండి మాత్రమే పెడితే కడుపు నిండుతుంది, కండ పట్టదు.

కాళ్ళ కింద పేపరు వేయకండి. నునుపుకి జారి కాళ్ళు రెండూ పక్కలకి చాపుకుపోతాయి, అలాంటి పిల్ల నీళ్ళ మూత దాకా నడవలేక నీరసిస్తుంది. పాత నేత తువ్వాలు పరవండి, మూడు రోజుల తరవాత ఊక పోయొచ్చు. ఇప్పటికే కాళ్ళు విడిపోతే రెండు కాళ్ళకీ మధ్య వేలి వెడల్పంత ఎడం ఉండేలా బ్యాండ్ ఎయిడ్ పట్టీ వేసి రెండు మూడు రోజులు ఉంచితే చాలావరకు సర్దుకుంటాయి. మొదటి రోజే వేస్తే ఫలితం ఉంటుంది, వారం ఆగితే కష్టం.

రోజుకి రెండుసార్లు వెనకవైపు చూడండి. రెట్ట గట్టిపడి ద్వారం మూసుకుపోతే తింటున్న పిల్ల కూడా మేత మానేస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో నానబెట్టి తుడవాలి, పీకితే చర్మం ఊడొస్తుంది. తుడిచి ఆరబెట్టి చుక్క కొబ్బరినూనె రాయండి. దానికి కాస్త కింద, పొట్టవైపు ఎండిన దారంలా వేలాడేది రెట్ట కాదు, బొడ్డు. దాన్ని ముట్టుకోవద్దు, అదే రాలిపోతుంది.

కొన్ని బతకవు, ఎంత చేసినా బతకవు. పొట్ట ఉబ్బి, మెత్తగా నీరు పట్టినట్టుండి, బొడ్డు మానకుండా చెడు వాసన వస్తుంటే లోపల సొన కుళ్ళినట్టు. దాన్ని మిగతా పిల్లల్లో కలపకండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆ మాటకొస్తే ఏ పిల్లని ముట్టుకున్నా కడుక్కోవాలి, ఇంట్లో చిన్నపిల్లలు దాన్ని ముద్దు పెట్టుకోకుండా చూడాలి. ఒకటికి మించి పిల్లలు ఒకేసారి డల్ అయితే అది నీరసం కాదు, రోగం. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మిగతావి రెండో రోజుకో మూడో రోజుకో తమంతట తామే పొడుచుకు తింటాయి, మన చేతిలోంచి దూకుతాయి. అప్పుడు తల్లి దగ్గరికి చేర్చాలి, అదీ రాత్రే. పెట్ట కునుకు తీస్తుండగా వెనకనుంచి రెక్క కిందకి తోసి వచ్చేయండి. మర్నాడు తెల్లారేసరికి మాత్రం మీరు అక్కడ ఉండాలి. పెట్ట దాన్ని మిగతా వాటితో పాటు పిలిస్తే సరే. పొడిస్తే వెంటనే తీసేయండి, ఇంకో రాత్రి ప్రయత్నించొచ్చు. రెండోసారీ ఒప్పుకోకపోతే పెట్టెలోనే పెంచాలి, వారానికి మూడు డిగ్రీల చొప్పున వేడి తగ్గించుకుంటూ. బల్బుని నాలుగు వేళ్ళు పైకి జరిపి థర్మామీటరు చూసుకుంటే సరిపోతుంది.

5వ రోజుకీ 7వ రోజుకీ మధ్య కొక్కెర తెగులుకి లసోటా టీకా, కంట్లో ఒక చుక్క. ఆ సీసా ఐసులో పెట్టి తేవాలి, కలిపిన రెండు గంటల్లో వాడేయాలి. నా ఏడు పిల్లల కోసం సీసా విప్పితే మిగతాదంతా పారబోయడమే. అందుకే ముందు రోజు సాయంత్రమే వీధిలో చెప్పేస్తాను. పొద్దున్న కోళ్ళున్న వాళ్ళందరూ గంపలు పట్టుకుని మా అరుగు మీదకి వచ్చేస్తారు, పిన్నిగారు కూడా. ఈసారి పాలగ్లాసు లేకుండా.